ఎవరి రిజిస్టర్లోనూ లేని పిల్లలు

ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే అబ్బాయి ఒకడు సంక్రాంతి సెలవులయ్యాక బడికి రాలేదు. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. ఆ సెలవుల్లోనే తల్లి కూడా చనిపోయింది. కొన్నాళ్ళు చూసి మా మాస్టారు హాజరుపట్టీలో అతని పేరు మీద ఎర్రసిరాతో గీత గీశారు. హాస్టల్లో అడిగితే మేనమామ తీసుకెళ్ళాడన్నారు. ఆ మేనమామ ఓసారి మా ఊరి సంతలో కనిపిస్తే మా నాన్న అడిగాడు. "హాస్టల్లోనే ఉన్నాడు కదండీ" అన్నాడాయన. బడివాళ్ళు, హాస్టలువాళ్ళు, బంధువులు ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ముగ్గురూ అతను మిగతా ఇద్దరిలో ఎవరి దగ్గరో ఉన్నాడనుకున్నారు, అంతే. తర్వాత అతన్ని ఏదో రైల్వే స్టేషన్లో టీ అమ్ముతుంటే చూశామని ఎవరో అన్నారు. నిజమో కాదో తెలీదు.

ఇన్నేళ్ళకి ఇదంతా గుర్తు రావడానికి కారణం షికాగోలో హాల్‌స్టెడ్ వీధిలో ఉన్న ఒక పాత ఇటుకల ఇల్లు. హల్ హౌస్ అంటారు దాన్ని. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు వలస కూలీల పేటలో ఆ ఇంట్లో కాపురం పెట్టి, చుట్టుపక్కలవాళ్ళ కోసం శిశుశాల, రాత్రి బడి, క్లబ్బులు నడిపారు. పెరిగి పెరిగి పదమూడు భవనాలయింది. 1960లలో యూనివర్సిటీ కట్టడానికి చాలావరకు కూలగొట్టేశారు. ఇప్పుడు రెండే మిగిలాయి, మ్యూజియంగా. ఒక శనివారం పిల్లని తీసుకుని ఊరికే కాలక్షేపానికి వెళ్ళాను. ప్రపంచంలో మొట్టమొదటి పిల్లల కోర్టు ఈ ఊళ్ళోనే పుట్టిందనీ, ఆ ఇంటి ఆడవాళ్ళకి దానితో చాలా సంబంధం ఉందనీ అక్కడే తెలిసింది. ఒక్క ఇంట్లో ఉన్న కొద్దిమంది ఒక మహానగరంలో పిల్లల సంగతి ఎలా మార్చగలిగారా అని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. కొన్ని నెలలు పట్టింది. చదివాక తేలిందేమిటంటే, ఆ ఇంటివాళ్ళు ఒక్కళ్ళే చేసింది కాదు. ఊళ్ళో అప్పటికే ఎవరికి వారుగా నడుస్తున్న సంస్థలు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం నేర్చుకున్నాయి. ఎలా నేర్చుకున్నాయి, ఆ బల్ల దగ్గర ఎవరికి కుర్చీ వేయలేదు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ నగరం సంగతి. 1850లో షికాగో జనాభా 30 వేలు. 1890కి 11 లక్షలు, 1900కి 17 లక్షలు. ఇంత వేగంగా పెరిగిన ఊళ్ళో అనాథలు కూడా అంత వేగంగానే పెరిగారు. 1849లో కలరా వచ్చి తల్లిదండ్రులు పోతే ప్రొటెస్టెంట్లు షికాగో ఆర్ఫన్ అసైలం పెట్టారు. అదే ఏడాది కాథలిక్కులు తమ అనాథాశ్రమం తాము పెట్టుకున్నారు. పనికి పోయే తల్లుల పిల్లల కోసం, తల్లో తండ్రో ఒక్కరే మిగిలిన పిల్లల కోసం మరొకటి వచ్చింది. 1871 అక్టోబరులో ఊరు తగలబడిపోయింది. ప్రపంచమంతటి నుంచీ వచ్చిన విరాళాలని పంచే పని షికాగో రిలీఫ్ అండ్ ఎయిడ్ సొసైటీ తీసుకుంది. ఆ ఏడే, పుట్టగానే వదిలేసిన పసికందుల కోసం ఇంకో ఇల్లు తెరిచారు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి పుట్టిన హ్యూమేన్ సొసైటీ మెల్లగా పిల్లల్ని కొట్టే కేసులు కూడా చూడటం మొదలుపెట్టింది. 1883లో మార్టిన్ వాన్ ఆర్స్‌డేల్ అనే పాస్టరు, పిల్లలు ఆశ్రమాల్లో కన్నా ఇళ్ళలో పెరగడం మంచిదని, ఊరూరా పెంచుకునే కుటుంబాలు వెతికే సంస్థ మొదలుపెట్టాడు. అదే తర్వాత ఇల్లినాయ్ చిల్డ్రన్స్ హోమ్ అండ్ ఎయిడ్ సొసైటీ అయింది. యూదులవి వేరే, జర్మన్లవి వేరే.

ఇన్ని ఉంటే బాధేమిటి అనిపిస్తుంది. ఉంది. ఒక్కో సంస్థకీ ఒక్కో తలుపు, ఒక్కో పుస్తకం. కాథలిక్ పిల్లల్ని ప్రొటెస్టెంట్లు తీసుకుని మతం మార్చేస్తారని కాథలిక్కులకి భయం. ఆ భయం ఉత్తుత్తిది కూడా కాదు. ఆశ్రమంలో చేరిన కొందరు పిల్లలకి కౌంటీ తలకి ఇంత అని డబ్బు కట్టేది. కాబట్టి పిల్లవాడు ఆశ్రమంలో ఉంటేనే ఆ ఆశ్రమానికి రాబడి. ఏ సంస్థకీ పట్టని పిల్లలు, అంటే బొగ్గుముక్కలు ఏరుకునేవాళ్ళు, సరుకు రైళ్ళ దగ్గర చిల్లర దొంగతనాలు చేసేవాళ్ళు పోలీసులకి దొరికేవారు. పదేళ్ళు దాటితే ఇల్లినాయ్ చట్టం ప్రకారం నేరానికి బాధ్యుడే. పెద్దవాళ్ళతోపాటే స్టేషను గదిలో, అక్కణ్ణుంచి జరిమానా, జరిమానా కట్టలేకపోతే ఊరి జైలు.

జైల్లో పిల్లల్ని మొదట పట్టించుకున్నవాళ్ళలో షికాగో ఉమన్స్ క్లబ్ ఒకటి. డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళ క్లబ్బు అది. ఊరికే సాహిత్యం చదువుకోవడంతో ఆగకుండా, జైల్లో ఆడవాళ్ళని చూసుకోవడానికి మేట్రన్లని పెట్టించారు, కుర్రవాళ్ళకి పాఠాలు చెప్పించారు. వాళ్ళలో లూసీ ఫ్లవర్ అనే ఆవిడ ముఖ్యురాలు. తను కూడా ఒకప్పుడు పెంపుడు బిడ్డే. పిల్లల కేసులు విడిగా, తండ్రి తన బిడ్డని విచారించినట్టు విచారించే కోర్టు కావాలని ఆవిడ ఏళ్ళ తరబడి పోరింది.

రెండో ముఖ్యురాలు జూలియా లాథ్రోప్. హల్ హౌస్‌లో ఉండేది. 1893లో గవర్నరు ఆల్ట్‌గెల్డ్ ఆవిడని రాష్ట్ర చారిటీల బోర్డులో వేశాడు. ఉత్త అలంకార పదవి అనుకోవచ్చు. ఆవిడ మాత్రం ఇల్లినాయ్‌లో ఉన్న 102 కౌంటీల పేదాశ్రమాలూ ఒక్కొక్కటే తిరిగి చూసింది. పిచ్చివాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు అందరూ ఒకే కప్పు కింద. ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో రాష్ట్రం మొత్తం మీద స్వయంగా చూసిన మనిషి బహుశా ఆవిడ ఒక్కతే.

1898 నవంబరులో కాంకకీలో రాష్ట్ర చారిటీల సభ జరిగింది. ఆ ఏడు చర్చ అంతా పిల్లల గురించే. కాథలిక్ సంస్థ నడిపే టిమొతీ హర్లీ, చిల్డ్రన్స్ హోమ్ సొసైటీ పెద్ద హేస్టింగ్స్ హార్ట్, జైలు అధికారులు, బడి అధికారులు, హల్ హౌస్ వాళ్ళు ఇందులో కలిశారు. నాకు బాగా నచ్చిన సంగతి దీని తర్వాతది. చట్టం చేయాలన్న పట్టు ఆడవాళ్ళది, ఏళ్ళ పనీ వాళ్ళదే. కానీ ఆడవాళ్ళ బిల్లు అంటే శాసనసభలో నవ్వి పక్కన పెట్టేస్తారని లాథ్రోప్‌కి తెలుసు. అప్పటికి వాళ్ళకి ఓటు కూడా సరిగా లేదు. అందుకని బార్ అసోసియేషన్ చేత కమిటీ వేయించి, హార్వీ హర్డ్ అనే పేరున్న న్యాయమూర్తి చేత ముసాయిదా రాయించి, లాయర్ల బిల్లుగా పంపారు. పేరు మనకి రాకపోయినా ఫరవాలేదు, పని జరగాలి అనుకున్నారు. బల్ల దగ్గర కూర్చోవడానికి మొదటి ఖర్చు అదేనేమో. 1899 ఏప్రిల్‌లో బిల్లు నెగ్గింది. జూలై 1 నుంచి అమలు.

చట్టంలో ఏముంది? పదహారేళ్ళలోపు పిల్లల కేసులు వేరే కోర్టులో. పన్నెండేళ్ళలోపు వాళ్ళని జైల్లో గానీ పోలీసు స్టేషన్లో గానీ ఉంచకూడదు. దిక్కులేని పిల్లవాడు, తల్లిదండ్రులు పట్టించుకోని పిల్లవాడు, తప్పు చేసిన పిల్లవాడు ముగ్గురూ ఒకే కోర్టుకి వస్తారు. పిల్లల్ని తీసుకునే సంస్థల్ని రాష్ట్ర బోర్డు తనిఖీ చేస్తుంది. పిల్లవాణ్ణి వీలైనంతవరకు సొంత మతం వాళ్ళ దగ్గరే పెట్టాలి. ఈ చివరి రెండు మాటలు లేకపోతే ఆ బిల్లుకి కాథలిక్కుల మద్దతు దొరికేదని నేననుకోను. అనుమానం ఉన్నవాళ్ళ మధ్య ఒప్పందం కుదరాలంటే ఆ అనుమానాన్ని కాగితం మీద రాసుకోక తప్పదు.

చట్టంలో ఒక పెద్ద కన్నం కూడా ఉంది. ప్రతి పిల్లవాడి ఇల్లూ వాకిలీ చూసి జడ్జికి చెప్పడానికి, తర్వాత వాడి మంచిచెడ్డలు చూడటానికి ప్రొబేషన్ ఆఫీసర్లు ఉంటారని రాశారు. వాళ్ళకి ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇవ్వకూడదని కూడా రాశారు. ఉద్యోగాలు సృష్టిస్తే తమవాళ్ళని నింపుకోవడానికి స్థానిక నాయకులు ఎగబడతారని భయం. ఖర్చులేని బిల్లు సులభంగా నెగ్గుతుంది కూడా. అలా కోర్టైతే వచ్చింది గానీ, దాన్ని నడిపించే మనుషులకి జీతాలు లేవు.

1899 జూలై 3న జడ్జి రిచర్డ్ టటిల్ మొదటి విచారణ జరిపాడు. పదకొండేళ్ళ కుర్రాడు. దొంగతనం చేశాడని ఫిర్యాదు పెట్టింది కన్నవాళ్ళే. వాడు మనసులో చెడ్డవాడు కాదు, సావాసం మంచిది కాదు, న్యూయార్క్ రాష్ట్రంలో అమ్మమ్మ ఉంది, అక్కడికి పంపండి అని తల్లి అడిగింది. జడ్జి పంపించాడు. నెలరోజుల ముందైతే ఆ కుర్రాడు ఎక్కడికి పోయేవాడో ఊహించుకోవచ్చు.

ఒక కుర్రాణ్ణి అమ్మమ్మ దగ్గరికి పంపడం తేలికే. రోజూ వచ్చే పిల్లల సంగతి ఎవరు చూడాలి? ఇక్కడే సంస్థలు తలో చెయ్యీ వేశాయి. కాథలిక్ సంస్థ విజిటేషన్ అండ్ ఎయిడ్ సొసైటీ తన హర్లీనే మొదటి ముఖ్య ప్రొబేషన్ అధికారిగా ఇచ్చింది. హల్ హౌస్ నుంచి అల్జీనా స్టీవెన్స్ వచ్చింది. ఈవిడ చిన్నప్పుడు బట్టల మిల్లులో పనిచేస్తూ పదమూడేళ్ళకే చూపుడువేలు పోగొట్టుకుంది. పెద్దయ్యాక కార్మిక సంఘాల్లో, తర్వాత ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. కోర్టులో నిండా ఏడాది కూడా పని చేయకుండానే 1900లో చనిపోయింది. యూదు పిల్లల కేసులు మినీ లో అనే ఆవిడ చూసింది. నగరం కొందరు పోలీసుల్ని మామూలు బట్టల్లో ఈ పనికి పంపింది. జీతాలు ఇవ్వాల్సిన మిగతా ఆఫీసర్ల కోసం క్లబ్బు ఆడవాళ్ళు జువెనైల్ కోర్ట్ కమిటీ పెట్టి చందాలు వసూలు చేశారు. లాథ్రోప్ మొదటి అధ్యక్షురాలు, తర్వాత లూయీస్ డికోవెన్ బోవెన్.

బోవెన్ బాగా ఉన్నవాళ్ళ అమ్మాయి. చందాలు అడగటంలో దిట్ట. కానీ ఆవిడ పని అక్కడితో ఆగలేదు. విచారణకి ముందు పిల్లల్ని జైల్లో పెట్టకూడదని చట్టం అంటోంది, మరి ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. దాంతో వెస్ట్ ఆడమ్స్ వీధిలో ఒక పాత ఇంట్లో పిల్లల కోసం డిటెన్షన్ హోం నడిపే బాధ్యత కూడా కమిటీ మీదే పడింది. ఇంట్లో ఆడపిల్లలు, వెనక గుర్రపుశాల బాగుచేసి అందులో మగపిల్లలు. తిండికి నగరం తలకి రోజుకి కొన్ని సెంట్లిచ్చింది. కౌంటీ కొంత ఇచ్చింది. చాలనిదంతా కమిటీ భరించింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేసేది ఎక్కువగా ఒక కంపెనీ సిస్టమ్‌ని ఇంకో కంపెనీ సిస్టమ్‌తో కలిపే పని. అందులో అన్నిటికన్నా చికాకు పెట్టే తప్పు ఒకటుంది. ఇటువైపు లాగ్‌లో 'పంపాను' అని ఉంటుంది. అటువైపు ఏ ఎర్రరూ ఉండదు. రికార్డు మాత్రం ఎక్కడా ఉండదు. రెండు వైపులా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ తొలి ఏళ్ళ కోర్టు గురించి చదువుతుంటే నాకు అదే తట్టింది. వాళ్ళు పెట్టింది పేరుకి కోర్టే గానీ, అది చేసిన అసలు పని మధ్యలో నిలబడటం. పొరుగింటామో, టీచరో, పోలీసో ఒక అర్జీ పెడితే అది ఒకే చోటికి వస్తుంది. ఒక మనిషి వెళ్ళి ఇల్లు చూసి వస్తాడు. జడ్జి ఇంటికే పంపొచ్చు, ఆశ్రమానికి పంపొచ్చు, పెంచుకునేవాళ్ళని వెతకమని సొసైటీకి అప్పగించొచ్చు. ఎక్కడికి పంపినా కోర్టు పుస్తకంలో రాత ఉంటుంది. అడిగేవాళ్ళు ఒకరుంటారు. సంస్థలు తమ పేరూ, మతమూ, చందాదారులూ ఏవీ వదులుకోకుండానే ఆ ఒక్క పుస్తకాన్ని ఒప్పుకున్నాయి.

కమిటీ ఆడవాళ్ళు చేసినవాటిలో అన్నిటికన్నా కష్టమైనది, తమ చేతిలో పని వదిలేయడం అనుకుంటాను. 1905లో ప్రొబేషన్ ఆఫీసర్లకి కౌంటీయే జీతాలివ్వాలని చట్టం మార్పించారు. దీనికి బోవెన్ చెప్పిన కథ ఒకటుంది. ఆవిడ ఒక పెద్ద రాజకీయ నాయకుడి ఇంటికెళ్ళి సాయం అడిగింది. ఆయన అప్పటికప్పుడు ఫోనెత్తి ఇద్దరు సభ్యులకి, మా ఇంట్లో ఒకావిడ ఉంది, ఆవిడకి ఫలానా బిల్లు కావాలట, చూడండి అని చెప్పాడట. పని అయిపోయింది. ఆవిడకి సంతోషం కన్నా బాధే ఎక్కువ కలిగిందట, బిల్లులో ఏముందని ఒక్కరైనా అడగలేదే అని. మన ఊళ్ళ రాజకీయం తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

ఆఫీసర్ల ఎంపికకి జడ్జి జూలియన్ మాక్ పరీక్షలు పెట్టించాడు. 1907లో నగరం, కౌంటీ కలిసి హల్ హౌస్‌కి ఎదురుగానే ఈవింగ్ వీధిలో పిల్లల కోర్టుకీ డిటెన్షన్ హోంకీ కొత్త భవనం కట్టించాయి. కమిటీ చేతిలో ఇక జీతాలూ లేవు, హోమూ లేదు. మామూలుగా సంస్థలు ఇలాంటప్పుడు ఏదో ఒక పట్టు ఉంచుకోవడానికి చూస్తాయి. వీళ్ళు పని మార్చుకుని జువెనైల్ ప్రొటెక్టివ్ అసోసియేషన్ అయ్యారు. పిల్లలు కోర్టుదాకా రాకముందే ఏం చేయాలో చూద్దామని డాన్స్ హాళ్ళు, చవక థియేటర్లు, పిల్లలకి సారా అమ్మే దుకాణాల మీద పడ్డారు. 1909లో ఎథెల్ స్టర్జెస్ డమ్మర్ అనే ఆవిడ తన డబ్బుతో డాక్టర్ విలియం హీలీ చేత పిల్లల మనస్తత్వం పరీక్షించే క్లినిక్కు పెట్టించింది. దాన్నీ తర్వాత కౌంటీ, ఆ తర్వాత రాష్ట్రం తీసుకున్నాయి. ప్రైవేటు డబ్బుతో మొదలుపెట్టి, పని అవుతుందని చూపించి, ప్రభుత్వానికి అప్పగించి తప్పుకోవడం వాళ్ళకి పద్ధతైపోయింది. అదే 1909లో పాత రిలీఫ్ అండ్ ఎయిడ్ సొసైటీ, 1894లో పుట్టిన బ్యూరో ఆఫ్ చారిటీస్ కలిసిపోయి యునైటెడ్ చారిటీస్ అయ్యాయి. 1912లో అమెరికా ప్రభుత్వం పిల్లల బ్యూరో పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతిగా లాథ్రోప్‌నే పిలిచారు. 1925 నాటికి రెండు రాష్ట్రాలు తప్ప దేశమంతా పిల్లల కోర్టులు వచ్చేశాయి.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అవుతుంది. నాకూ ఆపేయాలనే ఉంది. కానీ బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్ళ గురించి చెప్తానన్నాను.

కోర్టు నిలబడింది సంస్థల మీద. పిల్లవాణ్ణి పంపాలంటే తీసుకునేవాళ్ళు ఉండాలి. నల్లజాతి పిల్లవాడొస్తే తీసుకునేవాళ్ళు దాదాపు లేరు. సొంత మతం వాళ్ళ దగ్గర పెట్టాలన్న మాట కాథలిక్కులకీ యూదులకీ రక్ష. నల్లవాళ్ళకి అలాంటి మాటేదీ రాయలేదు, తెల్లవాళ్ళ ఆశ్రమాలు చాలావరకు వాళ్ళని చేర్చుకునేవి కావు. 1913లో ప్రొటెక్టివ్ అసోసియేషనే నగరంలోని నల్లవాళ్ళ మీద ఒక నివేదిక వేసింది. జనాభాలో నలభైలో ఒక వంతు ఉన్నవాళ్ళు, కౌంటీ జైల్లో ఉన్న కుర్రవాళ్ళలో ఎనిమిదిలో ఒక వంతు ఉన్నారని అందులో ఉంది. జైలు ఒక్కటే వాళ్ళని కాదనకుండా చేర్చుకుంది.

ఈ కన్నం పూడ్చింది ఎవరంటే నల్లజాతి ఆడవాళ్ళే. అమాండా స్మిత్ 1837లో మేరీలాండ్‌లో బానిసగా పుట్టింది. బట్టలుతికి బతికింది, తర్వాత ప్రచారకురాలై ఇంగ్లండు, అక్కణ్ణుంచి మన దేశం, ఆ తర్వాత ఆఫ్రికా తిరిగింది. 1879 నుంచి రెండేళ్ళపాటు భారతదేశంలో ఉందని చదివినప్పుడు ఎందుకో మన బంధువులావిడ కథ వింటున్నట్టే అనిపించింది. ముసలితనంలో, తను కూడబెట్టిన డబ్బుతో షికాగో పక్కన హార్వీ ఊళ్ళో నల్లజాతి అనాథపిల్లల కోసం ఇల్లు తెరిచింది. అది 1899 జూన్. కోర్టు మొదలవడానికి సరిగ్గా కొద్దిరోజుల ముందు. ఎలిజబెత్ మెక్‌డోనల్డ్ అనే ఇంకో ఆవిడ జీతం లేకుండా ప్రొబేషన్ పని చేస్తూ, మగపిల్లల కోసం మరో ఇల్లు నడిపింది. కోర్టు వీళ్ళ దగ్గరికి పిల్లల్ని పంపింది గానీ, వీళ్ళకి ఎప్పుడూ డబ్బు కటకటే. 1918 నవంబరులో హార్వీ ఇల్లు కాలిపోయింది. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. ఆ ఇల్లు మళ్ళీ తెరవలేదు. 1910లో 44 వేలున్న షికాగో నల్లవాళ్ళు 1920కి లక్షా తొమ్మిది వేలయ్యారు. పిల్లలు పెరుగుతూ ఉంటే, వాళ్ళ కోసం ఉన్న తలుపులు మూతపడుతూ పోయాయి. కలిసి పనిచేయడం అన్నది అప్పటికే సంస్థలున్నవాళ్ళ మధ్య కుదిరిన ఒప్పందం. సంస్థ లేనివాళ్ళకి ఆ ఒప్పందంలో చోటు రాలేదు.

కుర్చీ లేని రెండోవాళ్ళు పిల్లల కన్నవాళ్ళు. ఇల్లు చూడటానికి వచ్చే ఆఫీసరమ్మ చదువుకున్నది. ఇంటివాళ్ళు ఇటలీ నుంచో పోలండ్ నుంచో వచ్చినవాళ్ళు, భాష రాదు. పొయ్యి మీద ఏముంది, ఒక గదిలో ఎంతమంది పడుకుంటున్నారు అన్నవన్నీ కాగితం మీదకెక్కేవి. పేదరికం ఎక్కడ ఆగుతుందో, పిల్లల్ని నిర్లక్ష్యం చేయడం ఎక్కడ మొదలవుతుందో తేల్చేది వచ్చినామే. 1911లో కౌంటీ బోర్డు అధ్యక్షుడు పీటర్ బార్ట్‌జెన్ ఇదే మాట పట్టుకుని, కోర్టు పేదవాళ్ళ పిల్లల్ని లాక్కుని ప్రైవేటు సంస్థలకి ఇస్తోందని గొడవ చేశాడు. ముఖ్య ప్రొబేషన్ అధికారిని తీసేయబోయాడు. ఆయన ఆశ ఆ ఉద్యోగాల మీదే అనిపిస్తుంది. చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టు 1912లో ఆ ఆఫీసర్లు కోర్టు మనుషులే గానీ కౌంటీ మనుషులు కారని తేల్చింది. అయినా ఆయన అన్న మాటలో నిజం లేకపోలేదు.

దానికి జవాబు కూడా ఆ కోర్టు గదిలోంచే వచ్చింది. భర్త పోయి, కూలికి వెళ్ళే తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని తీసి ఆశ్రమంలో పెట్టి, ఆశ్రమానికి డబ్బు కట్టే బదులు ఆ డబ్బేదో తల్లికే ఇస్తే పోదా అని జడ్జి మెరిట్ పింక్‌నీ వాదించాడు. 1911లో ఇల్లినాయ్ ఆ చట్టం చేసింది. రాష్ట్రమంతటికీ వర్తించేలా చేసిన మొదటి రాష్ట్రం అదే. చారిటీ సంస్థల్లో చాలామందికి ఇది నచ్చలేదు. చేతికి డబ్బిస్తే జనం చెడిపోతారని వాళ్ళ భయం. అయినా చట్టం వచ్చాక, తల్లుల్ని ఎంపిక చేయడానికి కోర్టుకి సాయం చేశారు. రెండేళ్ళు తిరగకుండానే 1913లో షరతులు బిగించారు. మొగుడు వదిలేసిన ఆవిడకి, పెళ్ళి కాని తల్లికి, పౌరసత్వం లేని ఆవిడకి డబ్బు రాదు. ఊళ్ళో సగం మంది వలసవాళ్ళయిన పేటల్లో ఇది ఎవరిని వదిలేసిందో చెప్పనక్కర్లేదు. వీసా మీద బతుకుతూ ఈ దేశంలో పిల్లని పెంచుతున్నవాడిగా ఆ ఒక్క మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఈ పిల్లల కోర్టు ఆలోచన సముద్రాలు దాటింది. ఇంగ్లండులో 1908లో పిల్లల చట్టం వచ్చింది. ఆ దారిలోనే 1920లో మద్రాసు పిల్లల చట్టం వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. ఇప్పుడైతే 2015 చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, వాళ్ళలో కనీసం ఒక మహిళ. దిక్కులేని పిల్లల్ని వాళ్ళ ముందుకి తీసుకురావాలి. 1098కి ఫోన్ చేస్తే పలికేవాళ్ళుంటారు. కాగితం మీద చూస్తే ఇది 1899 నాటి షికాగో కన్నా ఎంతో మెరుగు. కానీ ఆ కోర్టు కథలో నాకు మిగిలిన పాఠం ఏమిటంటే, చట్టం రాసిన రోజున పని మొదలవలేదు. ఇల్లు చూసి రావడానికి ఒక మనిషికి జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్నకి క్లబ్బు ఆడవాళ్ళు చందాల పుస్తకం తెరిచిన రోజున మొదలైంది. అందులో చోటు దొరకనివాళ్ళకి చోటెక్కడ అన్న ప్రశ్నకి నూటపాతికేళ్ళు దాటినా ఏ దేశమూ పూర్తిగా జవాబు చెప్పలేదు.

షికాగో వచ్చినవాళ్ళు మిలేనియం పార్కు, అరోరా గుడి చూసి వెళ్ళిపోతారు. వీలుంటే హాల్‌స్టెడ్ వీధికి కూడా ఒకసారి వెళ్ళండి. నేను ఈమధ్య మళ్ళీ వెళ్ళాను. మా అమ్మాయి ఇప్పుడు రెండో తరగతి. ఇక్కడి బడిలో ఓ పూట రాకపోతే, మేం చెప్పకపోతే, తొమ్మిదిన్నరకల్లా ఫోనొస్తుంది. మొదట్లో విసుగనిపించేది. ఈ చదువంతా అయ్యాక ఆ ఫోన్ మోగితే మా మాస్టారి ఎర్రసిరా గీత గుర్తొస్తోంది. ఆ గీత గీసేముందు హాస్టలుకీ, మేనమామ ఊరికీ ఒక మనిషి వెళ్ళొచ్చి ఉంటే చాలేది. రెండూ బడికి సైకిలు దూరమే.